ఆరు చారల రాస్: పురుగులు ఏరే చేపే తోటి చేపల్ని ఎందుకు తరుముతుంది?

సముద్రపు నీటి ట్యాంక్ పెట్టుకున్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు సిక్స్‌లైన్ రాస్, అంటే ఆరు చారల రాస్ అనే చిన్న చేప పేరు వినపడుతుంది. పగడాల మీద తుప్పు రంగు ఫ్లాట్‌వార్మ్‌లు (చదునైన చిన్న పురుగులు) పాకుతున్నాయని దుకాణంలో చెప్పి చూడండి, 'ఒక సిక్స్‌లైన్ వేసేయండి సార్, మొత్తం ఏరి తినేస్తుంది' అంటారు. అదే మాట చాలా ఏళ్లుగా రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ట్యాంక్ నడుపుతున్నవాళ్ల దగ్గర అంటే, 'దాని జోలికి మాత్రం పోకండి, ఆ తర్వాత వేసిన ఏ చేపనూ కుదురుగా ఉండనివ్వదు' అని వారిస్తారు. ఇద్దరూ కళ్లారా చూసిందే చెబుతున్నారు. మధ్యలో కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు టెన్షన్.

నా ఉద్దేశంలో ఈ రెండు మాటలకూ మూలం ఒక్కటే. రోజంతా ఆగకుండా వేటాడే గుణం, వేటాడే చోటును ఇంకొకరికి వదలని గుణం ఈ చేపలో విడదీయలేనంతగా కలిసిపోయి ఉంటాయి. మొదటిది కావాలి, రెండోది వద్దు అంటే కుదరదు. ఎందుకు కుదరదో తెలిస్తే, దీన్ని ఏ ట్యాంక్‌లో వేయాలో, ఎప్పుడు వేయాలో, ఎవరు అసలు కొనకూడదో చాలావరకు తేలిపోతుంది.

రాస్‌లది చాలా పెద్ద కుటుంబం. శాస్త్రవేత్తలు లాబ్రిడే అని పిలిచే ఈ కుటుంబంలో 500కు పైగా జాతులున్నాయి. రెండు మీటర్లు దాటి పెరిగే నెపోలియన్ రాస్ కూడా వీటిలో ఒకటే. సిక్స్‌లైన్ మాత్రం ఎంత పెరిగినా 10 సెంటీమీటర్లు, ఇళ్లలోని ట్యాంకుల్లో చాలావరకు ఏడెనిమిది దగ్గరే ఆగిపోతుంది. దీని శాస్త్రీయ నామం సూడోకైలినస్ హెక్సాటీనియా. ఇప్పటి జకార్తాలో, అప్పటి బటావియాలో, డచ్చి సైన్యంలో డాక్టరుగా ఉంటూ ఏళ్ల తరబడి ఆ దీవుల చేపల్ని సేకరించి వర్ణించిన పీటర్ బ్లీకర్ 1857లో దీన్ని తొలిసారి నమోదు చేశాడు. ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం మొదలుకొని పసిఫిక్‌లోని టువామోటు దీవుల దాకా ఇది కనిపిస్తుంది.

చూడటానికి నిజంగా అందమైన చేప. ఊదా, నీలం కలిసిన ఒంటి మీద తల నుంచి తోక వైపు ఆరు నారింజ చారలు. తోక ఆకుపచ్చగా ఉంటుంది. తోక మొదట్లో పైవైపు చిన్న నల్లటి చుక్క, దొంగ కన్ను లాంటిది. అసలు కన్ను ఎర్రగా, మధ్యలో తెల్లటి గీతలతో ఉంటుంది. ఆ కన్ను పనితనం చూడాలంటే ట్యాంక్ ముందు కాసేపు కదలకుండా కూర్చోవాలి.

ఈత కొట్టడానికి తోకను పెద్దగా వాడదు. రెండు పక్క రెక్కల్నీ తెడ్లలా ఆడిస్తూ రాళ్ల మధ్య జారుతూ పోతుంది. ఒక సందు ముందు ఠక్కున ఆగుతుంది. ఒళ్లు కదలదు, కళ్లు మాత్రం దేనికదే తిరుగుతుంటాయి. కొంచెం పక్కకు ఒరిగి, ఒక్క కన్నుతో రాతిని పరీక్షగా చూసి, చటుక్కున పొడిచి వెనక్కి వస్తుంది. నోట్లో పడ్డది తినేదైతే మింగుతుంది. ఇసుక రేణువైతే ఉమ్మేసి ఇంకో సందుకు పోతుంది. లైట్లు వెలిగినప్పటి నుంచి ఆరేదాకా దానికి ఇదే పని. మన కంటికి సరిగా ఆనని, రొయ్యల జాతికి చెందిన చిట్టి జీవులైన కోపీపాడ్‌లు, ఆంఫిపాడ్‌లు, సన్నటి పురుగులు, పిల్ల నత్తలు దాని తిండి. హాబీలో ఉన్నవాళ్లు వీటిలో మొదటి రెంటినీ కలిపి పాడ్స్ అంటారు.

ఇంత ఆరాటం ఎందుకంటే, రాస్‌లకు జీర్ణాశయం లేదు. గొంతు దాటిన తిండి నేరుగా పేగులోకి వెళ్తుంది. ఒకపూట కడుపునిండా తిని, ఆ బలంతో రెండో పూట గడిపే ఏర్పాటు దాని ఒంట్లో లేదు. అందుకే కొంచెం కొంచెంగా, రోజు పొడుగునా తింటూ ఉండాలి. గొంతు లోపల ఇంకో జత దవడలుంటాయి. ముందు పళ్లతో పట్టినదాన్ని అక్కడ నలిపి లోపలికి పంపిస్తుంది. చిన్న నత్త గుల్లను కూడా చితక్కొట్టగలిగేది ఆ దవడలే.

ఇలా బతికే చేపకు రాతి సందు అంటే ఇల్లు మాత్రమే కాదు, పంట పొలం కూడా. ఆ సందులో ఈ రోజు ఇంకో చేప తిన్న పాడ్స్ రేపు తనకు ఉండవు. కాబట్టి తనలాగే రాళ్ల మీద పాడ్స్ ఏరుకునే చేప కనిపిస్తే తరుముతుంది. సముద్రంలో ఈ తరమడం పెద్ద విషయం కాదు. సిక్స్‌లైన్ కొమ్మలు కొమ్మలుగా పెరిగే పగడాల మధ్య, పగడపు దిబ్బ అంచుల్లో తిరుగుతూ ఉంటుంది. పరాయి చేప వస్తే ఒక దూకు దూకుతుంది, వచ్చిన చేప పక్క పగడానికి పోతుంది, అక్కడితో గొడవ అయిపోతుంది. ఓడిపోయినదానికి వెళ్లడానికి చోటుంటుంది.

ట్యాంక్‌లో ఆ చోటు లేదు. మొత్తం చిక్కంతా ఇక్కడే ఉంది. ఓడిన చేప ఎంత పారిపోయినా నాలుగడుగుల దూరంలో గాజు తగులుతుంది. తరిమిన చేపకు అది ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, అంటే ఇంకా పోలేదన్నమాట, కాబట్టి మళ్లీ తరుముతుంది. సముద్రంలో అరనిమిషంలో ముగిసేది ఇక్కడ రోజుల తరబడి సాగుతుంది. సిక్స్‌లైన్‌లో క్రూరత్వం ఏదో పుట్టుకొచ్చిందని కొందరు అనుకుంటారు. నేను అలా అనుకోను. అది సముద్రంలో చేసే పనే చేస్తోంది, పారిపోయే దారి మాత్రం మన ట్యాంక్‌లో లేదు.

చచ్చిపోయే చేప ఒంటి మీద చాలాసార్లు గాటు కూడా ఉండదు. భయంతో ఒక మూలకు, పంపు వెనక్కో హీటర్ పక్కకో చేరుతుంది. తిండి వేసినప్పుడు బయటికి రాదు. చిక్కిపోతుంది. ఒత్తిడి వల్ల ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గి, అప్పటిదాకా పైకి రాని తెల్లమచ్చల రోగం బయటపడుతుంది. యజమానికి రోగం కనిపిస్తుంది కానీ దాని వెనకున్న తరుముడు కనిపించదు. మనం గదిలోకి రాగానే చేపలన్నీ తిండి కోసం ముందుకొస్తాయి కాబట్టి అసలు సంగతి దాగిపోతుంది. ఫోన్‌లో వీడియో పెట్టి గదిలోంచి వెళ్లిపోండి, తర్వాత చూసుకోండి. అప్పుడు తెలుస్తుంది.

పురుగుల మందుగా కొనవచ్చా?

సిక్స్‌లైన్‌ను ఎక్కువమంది కొనేది ఇందుకే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

రీఫ్ ట్యాంక్‌లో ఫ్లాట్‌వార్మ్ అనే పేరుతో రెండు వేర్వేరు జీవులు తిరుగుతుంటాయి. ఒకటి తుప్పు రంగులో, తోక దగ్గర చీలినట్టుండే కన్వోల్యూట్రిలోబా. ఇది పగడాన్ని కొరికి తినదు, కానీ వేల సంఖ్యలో పెరిగి పగడం మీద పరుచుకుంటుంది, దానికి వెలుతురు అందనివ్వదు. ఒక్కసారిగా మందు వేసి చంపితే వాటి ఒంట్లోంచి విషం నీళ్లలోకి వస్తుంది, చేపలు కూడా పోవచ్చు. రెండోది అక్రోపోరా పగడాలను నిజంగానే తినే ప్రాస్తియోస్టోమమ్ అక్రోపోరే. ఇది పగడం రంగులోనే ఉంటుంది, పక్కనే చూస్తున్నా కనపడదు. పగడం మీద గుండ్రటి చిన్న చిన్న కాటు మచ్చలు, పగడం మొదలు దగ్గర చర్మం పోయిన చోట గోధుమ రంగు గుడ్ల గుంపులు దాని గుర్తులు.

మొదటిదాన్ని కొన్ని సిక్స్‌లైన్‌లు ఇష్టంగా తింటాయి, కొన్ని ఒకసారి రుచి చూసి ఉమ్మేసి మళ్లీ అటువైపు పోవు. మీరు తెచ్చుకునే చేప ఏ రకమో ముందుగా చెప్పగలిగే మనిషి లేడు. రెండోదాని మీద మాత్రం నిజంగా ప్రయోగాలు జరిగాయి. పగడాలను పెంచే కేంద్రాల్లో ఈ పురుగును మందు లేకుండా అదుపు చేయడం ఎలా అని ఆస్ట్రేలియా పరిశోధకులు సిక్స్‌లైన్‌నూ ఒక జాతి పెప్పర్‌మింట్ రొయ్యనూ పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. రెండూ పురుగుల్ని తగ్గించాయి. రొయ్య అయితే పురుగుల గుడ్లను కూడా తిన్నది. గుడ్ల సంగతి ముఖ్యం, ఎందుకంటే పగడాలను ముంచి తీసే డిప్ మందులకు పురుగులు రాలిపోతాయి గానీ గుడ్లు చావవు. కొన్నాళ్లకు మళ్లీ పొదుగుతాయి. కాబట్టి కొత్త పగడం వచ్చినప్పుడు డిప్ చేయడం, గుడ్లున్న మొదలును కోసి పారేయడం, కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచి చూడటం మానేసి, చేప ఉందిలే అని ధీమాగా కూర్చోకూడదు. ఆ పనులన్నీ చేశాక మిగిలినవాటిని ఏరడానికి సిక్స్‌లైన్ మంచి తోడు.

ట్రిడాక్నా అనే పెద్ద ఆల్చిప్పల మీద చేరి రసం పీల్చే బియ్యపు గింజంత నత్తల్ని కూడా ఇది తింటుంది. ఒంటి నిండా నూగు ముళ్లుండే బ్రిసిల్ వార్మ్‌లలో లేతవాటిని తింటుంది, పెద్దవాటి జోలికి పోదు. ట్యాంకుల్లో కలుపులా పెరిగే ఐప్టేసియా అనే సముద్రపు పువ్వును తినదు. రాళ్ల మీద పేరుకున్న నాచు తినదు. చేపల ఒంటి మీద తెల్లమచ్చల్ని ఏరేస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆ మచ్చలకు కారణమైన క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి చర్మం లోపల ఉంటుంది, పైనుంచి పొడిస్తే వచ్చేది కాదు.

ఇంకో సంగతి. సిక్స్‌లైన్‌కు మంచి పాడ్స్‌కూ చెడ్డ పురుగులకూ తేడా తెలియదు. రెండూ తింటుంది. మాండరిన్ డ్రాగనెట్ అనే రంగుల చేప చాలావరకు పాడ్స్ మీదే బతుకుతుంది, మామూలుగా గుళికలు ముట్టదు. ఆ రెండింటినీ చిన్న ట్యాంక్‌లో కలిపి ఉంచితే మాండరిన్ నిదానంగా ఆకలితో చచ్చిపోతుంది. సిక్స్‌లైన్ దాన్ని ఒక్కసారి కూడా తరమకపోవచ్చు.

పేరు దగ్గరగా ఉండటం వల్ల చాలామంది సిక్స్‌లైన్‌ను క్లీనర్ రాస్‌తో కలిపేస్తారు. క్లీనర్ రాస్ వేరే జాతి, లాబ్రోయిడిస్ డిమిడియేటస్. సముద్రంలో పెద్ద చేపలు వరసకట్టి దాని దగ్గరకు వచ్చి ఒళ్లు శుభ్రం చేయించుకుంటాయి. గ్రేట్ బారియర్ రీఫ్‌లోని లిజార్డ్ దీవి దగ్గర అలెగ్జాండ్రా గ్రట్టర్ అనే శాస్త్రవేత్త లెక్కగడితే, ఒక్కో క్లీనర్ చేప రోజుకు సగటున 1,200కు పైగా పరాన్నజీవుల్ని తింటోందని తేలింది. ఇంట్లో ట్యాంక్‌లో ఐదారు చేపలుంటాయి, వాటి మీద అన్ని పరాన్నజీవులు ఎక్కడివి? గుళికలు, మైసిస్ (రొయ్యలాంటి చిన్న జీవులు) తినడం నేర్చుకున్న కొన్ని బతుకుతాయి, నేర్చుకోనివి ఎండిపోతాయి. దాన్ని సముద్రంలోనే ఉండనివ్వాలని నేను గట్టిగా చెబుతాను. సిక్స్‌లైన్‌కు ఆ ఇబ్బంది లేదు, గడ్డకట్టించిన తిండికి త్వరగా అలవాటు పడుతుంది.

ఎంత ట్యాంక్, ఏ వరస

కనీసం 30 గ్యాలన్లు, అంటే దాదాపు 113 లీటర్లు ఉంటే చాలని చాలాచోట్ల చెబుతారు. ఆ లెక్క చేప పొడుగును చూసి చెప్పినది. అది ఒక్కటే ఉండి, తోడు ఒకటి రెండు గట్టి చేపలు మాత్రమే ఉంటే ఆ ట్యాంక్ సరిపోతుంది. రకరకాల చేపలు కావాలనుకునేవాళ్లు నాలుగడుగుల ట్యాంక్ కంటే తక్కువ ఆలోచించకపోవడం మంచిది. నాలుగడుగుల పొడుగు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు ఉంటే సుమారు 255 లీటర్లు. అయినా లీటర్ల కంటే రాళ్లు ఎలా పేర్చామన్నది ముఖ్యం. మధ్యలో ఒకే గుట్టగా పేరిస్తే ఆ గుట్ట మొత్తం ఒక్క చేప సొత్తవుతుంది. రెండు మూడు వేర్వేరు గుట్టలు, మధ్యలో ఖాళీ, ఒక గుట్ట నుంచి చూస్తే ఇంకో గుట్ట వెనక ఏముందో కనపడని అమరిక ఉంటే తరిమించుకున్న చేప కంటి చూపు నుంచి తప్పుకోగలుగుతుంది. గాజు పెట్టెలో మనం ఇవ్వగలిగిన 'పారిపోయే చోటు' అంతే.

వరస విషయంలో నాకు సందేహం లేదు. సిక్స్‌లైన్ ట్యాంక్‌లోకి ఆఖరున రావాలి. ముందే స్థిరపడ్డ చేపల మధ్యకు కొత్తగా వస్తే అది సందు వెతుక్కుని సర్దుకుంటుంది. ముందు దాన్ని వేసి, నెలల తర్వాత ఇంకో చిన్న చేపను తెస్తే, దాని దృష్టిలో వచ్చింది పొలంలో పడ్డ దొంగ. చాలామంది పురుగులు కనపడగానే మొదటి చేపగా దీన్నే తెస్తారు, ఆ తర్వాత ట్యాంక్ నింపడం మొదలుపెడతారు. దీని మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడే పుడుతున్నాయి.

తోడుగా క్లౌన్ చేపలు, టాంగ్‌లు, డ్వార్ఫ్ ఏంజెల్‌లు, రాబిట్ ఫిష్ లాంటివి పనికొస్తాయి. ఆకారంలో, అలవాటులో దానికి దూరంగా ఉంటాయి, లేదా ఎదురు తిరిగే సత్తా ఉంటుంది. ఫైర్‌ఫిష్, డార్ట్‌ఫిష్, చిన్న గోబీలు, ఇంకో జాతి చిన్న రాస్‌లు వద్దు. రెండో సిక్స్‌లైన్ అసలే వద్దు. ఆడా మగా జత వేద్దామంటే బయటికి తేడా తెలియదు. పైగా రాస్‌ల కుటుంబంలో చాలా జాతులు ఆడగా మొదలై తర్వాత మగగా మారతాయి. 1972లో రాస్ రాబర్ట్‌సన్ గ్రేట్ బారియర్ రీఫ్‌లోని క్లీనర్ రాస్‌ల గుంపుల్లోంచి మగచేపను తీసేసి చూశాడు. గుంపులో పెద్ద ఆడచేప కొన్ని గంటల్లోనే మగచేపలా మిగతావాటి మీద పెత్తనం మొదలుపెట్టింది, తర్వాత కొద్దిరోజుల్లో నిజంగానే మగదైంది. ఎవరి స్థానం ఏమిటన్నది ఈ చేపల ఒంట్లోకే ఇంకిపోయిన సంగతి. దుకాణంలో ఒక తొట్టిలోంచి రెండు పట్టుకొచ్చి కలిపేస్తే సర్దుకుంటాయనుకోవడం అత్యాశ.

ఇవన్నీ చేసినా గ్యారంటీ లేదు. ఆఖరున వేసినా, పెద్ద ట్యాంక్ ఇచ్చినా పేట్రేగిపోయే చేపలున్నాయి. చిన్న ట్యాంక్‌లో ఏళ్ల తరబడి ఎవర్నీ ఏమీ అనని చేపలూ ఉన్నాయి. మీరు పెంచాలనుకునే మిగతా చేపలు నెమ్మదైనవైతే, ఆ రిస్క్ తీసుకోకుండా వేరే చిన్న రాస్‌ను చూసుకోవడమే తెలివైన పని. పోసమ్ రాస్ అని పిలిచే వెట్‌మోరెల్లా జాతులు సిక్స్‌లైన్ కంటే చిన్నవి, సాధువులు, పాడ్స్ కూడా అలాగే ఏరుకుంటాయి. కాకపోతే సిగ్గరివి, ఎక్కువగా నీడల్లోనే తిరుగుతాయి. పింక్‌స్ట్రీక్డ్ రాస్ కూడా ఆ కోవలోదే. రంగులు కావాలనుకుంటే ఫెయిరీ రాస్‌లు, ఫ్లాషర్ రాస్‌లు ఉన్నాయి. ఇవి నీళ్లలో తేలివచ్చే తిండిని అందుకుంటాయి, రాళ్ల కోసం పోట్లాడవు. 2022లో మాల్దీవుల నుంచి సిర్రిలాబ్రస్ ఫినిఫెన్మా అనే కొత్త ఫెయిరీ రాస్‌ను వర్ణించినప్పుడు ఆ దేశపు శాస్త్రవేత్త అహ్మద్ నజీబ్ కూడా ఆ పనిలో భాగస్వామి. మన పక్క సముద్రంలో ఇంకా పేరు పెట్టని రాస్‌లు ఉన్నాయంటే నాకు భలే సంతోషంగా ఉంటుంది.

రాత్రి ఏమవుతుంది

కొత్తగా రాస్ తెచ్చుకున్నవాళ్లు మొదటి రాత్రి కంగారుపడతారు. లైట్లు ఆరగానే చేప మాయమవుతుంది. హాలికోరిస్ జాతి రాస్‌లైతే ఇసుకలో దూరి పడుకుంటాయి, వాటికి కనీసం 5 సెంటీమీటర్ల మెత్తటి ఇసుక ఉండాలి. సిక్స్‌లైన్‌కు ఇసుక అక్కర్లేదు. రాతి సందులో దూరి, నోట్లోంచి జిగురు వదిలి, ఒంటి చుట్టూ సంచిలాంటిది అల్లుకుని అందులో నిద్రపోతుంది. పొద్దున్నే చూస్తే ఆ ఖాళీ సంచి, ఇసుక రేణువులు అంటుకుని, రాతికి వేలాడుతూనో నీళ్లలో తేలుతూనో కనపడుతుంది. చూసి రోగమేదో వచ్చిందని మందులు వేయకండి. రాస్‌లకు దగ్గరి బంధువులైన చిలుక చేపల్లో ఇలాంటి సంచిని తీసేస్తే, రాత్రిపూట రక్తం పీల్చే నాథియిడ్ అనే పరాన్నజీవులు వాటిని చాలా ఎక్కువగా కుట్టాయని గ్రట్టర్ బృందమే చూపించింది. మన దోమతెర చేసే పనే అది కూడా చేస్తుంది.

కొత్త చేప రెండు మూడు రోజులు బయటికి రాకపోయినా రాళ్లు పీకి వెతకవద్దు. ఇప్పుడిప్పుడే చోటు చూసుకుంటున్న చేపను మళ్లీ బెదరగొట్టినట్టవుతుంది.

మూత, ఎండ, తిండి

రాస్‌లు దూకుతాయి. తరుముతున్నప్పుడు దూకుతాయి, తరిమించుకున్నప్పుడు దూకుతాయి, హఠాత్తుగా లైటు వెలిగినా దూకుతాయి. మూత లేని ట్యాంక్‌లో రాస్‌ను పెంచడమంటే ఒకరోజు గచ్చు మీద ఎండిపోయిన చేపను ఏరుకోవడానికి సిద్ధపడటమే. గాజు మూత వేస్తే చేప దూకి బయటపడటం ఆగుతుంది గానీ మన దగ్గర ఇంకో సమస్య వస్తుంది. హైదరాబాద్‌లో, విజయవాడలో మే నెలలో గది వేడికి మూసిన ట్యాంక్ నీళ్లు 30 డిగ్రీలు దాటిపోతాయి. పగడాలకు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి నీళ్లలో ఆక్సిజన్ కూడా తక్కువే నిలుస్తుంది. అందుకని సన్నటి కళ్లున్న నైలాన్ వల, ఆరు మిల్లీమీటర్లకు మించని కన్ను ఉన్నది, ఫ్రేముకు బిగించి మూతగా వేయడం మేలు. గాలి ఆడుతుంది, వెలుతురు పడుతుంది, చేప బయటికి రాదు.

వల మీదుగా చిన్న ఫ్యాన్ పెడితే నీళ్లు ఆవిరై రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి. ఈ ఉపాయం హైదరాబాద్ పొడి ఎండలో బాగా పనిచేస్తుంది. విశాఖ ఉక్కపోతలో గాలిలో ముందే తేమ ఉంటుంది కాబట్టి అంతగా పనిచేయదు, అక్కడ నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రం తప్పదు. ఆవిరయ్యేది నీళ్లే గానీ ఉప్పు కాదు. తగ్గిన మేరకు ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్లు పోయాలి. ఉప్పు నీళ్లు పోస్తూ పోతే సాలినిటీ, అంటే నీళ్లలో ఉప్పు పాలు, పెరిగిపోతుంది. అది 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లకు 35 పాళ్ల దగ్గర నిలకడగా ఉండాలి. భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల చెరువులు, హేచరీలు చూసినవాళ్లకు ఈ సాలినిటీ, అమోనియా, ఆల్కలినిటీ లెక్కలు కొత్తేమీ కాదు. వాళ్లు రీఫ్ ట్యాంక్ మొదలుపెడితే సగం చదువు ముందే అయిపోయినట్టు.

ఉప్పునీటి చిన్న రొయ్యలాంటి ఆర్టీమియా కూడా వాళ్లకు తెలిసినదే. పొదిగిన కొన్ని గంటల్లో సొనతో ఉన్న పిల్ల ఆర్టీమియాలో బలం ఉంటుంది. ఆ సొన అయిపోయాక, పెరిగిన ఆర్టీమియాకు వేరే పోషకాలు పట్టించకుండా వేస్తే చేపకు కడుపు నిండినట్టుంటుంది గానీ ఒంటికి పట్టదు. గడ్డకట్టించిన మైసిస్, ఒక మిల్లీమీటరు లోపు గుళికలు, అప్పుడప్పుడు ఆర్టీమియా, ఇలా మార్చి మార్చి రోజుకు రెండు మూడుసార్లు చిటికెడు చిటికెడు వేయాలి. జీర్ణాశయం లేని చేపకు రాత్రి ఒకేసారి దండిగా వేయడం వల్ల ప్రయోజనం లేదు, సగం తిండి అరగకుండానే బయటికి పోయి నీళ్లలో నైట్రేట్ పెంచుతుంది. తరచూ తిండి పడుతుంటే తరుముడు కూడా కొంత తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పను.

కొత్త చేపను నేరుగా రీఫ్ ట్యాంక్‌లో వేయకుండా కొన్ని వారాలు విడిగా ఉంచడం తప్పనిసరి. తెల్లమచ్చలు, వెల్వెట్ రోగం వస్తే రాగి మందు వేయడానికి ఆ విడి తొట్టే దారి. రాగి పగడాలనూ రొయ్యలనూ చంపేస్తుంది కాబట్టి అసలు ట్యాంక్‌లో ఎన్నడూ వేయకూడదు. రాస్‌లకు మందు మోతాదును ఒక్కరోజులో పెంచేయకుండా నాలుగైదు రోజులు తీసుకుని, టెస్ట్ కిట్‌తో కొలుచుకుంటూ పెంచాలి. క్లోరోక్విన్ అనే ఇంకో మందు రాస్‌లకు సరిగ్గా పడదు. ఆ తొట్టికి కూడా మూత ఉండాలి, దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు వేయాలి.

ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. వాటిని సముద్రంలోంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. మన్నార్ సింధుశాఖ నుంచి వచ్చిందనో, అండమాన్ నుంచి వచ్చిందనో ఎవరైనా పగడం ముక్క చేతిలో పెడితే తీసుకోకండి. సిక్స్‌లైన్‌కు కావలసింది సందులూ గొందులూ, పాడ్స్ పెరిగే చోటు. సిరామిక్ రాళ్లు, చేత్తో పోసిన సిమెంటు రాళ్లు బాగా కడిగి, నానబెట్టి, నిదానంగా పక్వానికి తెస్తే వాటిలోనూ పాడ్స్ పెరుగుతాయి. పగడం ఒక్కటి లేకపోయినా ఆ చేప హాయిగా బతుకుతుంది.

ఇక ఇప్పటికే తరుముడు మొదలైపోయినవాళ్ల సంగతి. వలతో పట్టడానికి ప్రయత్నించి రాళ్లన్నీ కూలగొట్టుకోవద్దు, అది సందుల్లో మనకంటే ఎంతో చురుకు. కొత్తగా వచ్చిన చేప ఒక్కదాన్నే వేధిస్తుంటే, ఆ కొత్త చేపను చిల్లులున్న పారదర్శకమైన పెట్టెలో ట్యాంక్‌లోనే ఒక వారం పది రోజులు ఉంచండి. రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి, కొట్టుకోలేవు. పెట్టె గాజు మీదికి దూకడం తగ్గాక, లైట్లు ఆరిన తర్వాత వదలండి. వదిలే రోజు ఒకటి రెండు రాళ్లు అటూ ఇటూ మార్చితే పాత సరిహద్దులు చెరిగిపోతాయి. ట్యాంక్ పక్క గాజుకు బయటి నుంచి చిన్న అద్దం ఆనిస్తే, సిక్స్‌లైన్ తన ప్రతిబింబంతోనే పోట్లాడుతూ కొత్తదాన్ని కాసేపు మరిచిపోతుంది. కొన్ని రోజులకు మించి దాన్ని అలాగే ఉంచకండి. అయినా ఆగకపోతే ట్రాప్ పెట్టాలి. అక్రిలిక్ పెట్టె తలుపు తెరిచి, రెండు మూడు రోజులు మైసిస్ అందులోనే వేస్తూ, చేప భయం లేకుండా లోపలికి వచ్చి పోవడం అలవాటయ్యాక తలుపు దించండి. పట్టిన చేపను గట్టి చేపలున్న పెద్ద ట్యాంక్ నడిపే మిత్రుడికి ఇచ్చేయవచ్చు, చాలా దుకాణాలు కూడా తిరిగి తీసుకుంటాయి. మీరే ఉంచుకోవాలనుకుంటే వెలుతురూ రాళ్లూ మూతా ఉన్న సంప్ (ట్యాంక్‌కు కింద ఉండే వడపోత తొట్టి) గదిలోనో, విడి తొట్టిలోనో ఉంచి, మిగతా చేపలన్నీ వచ్చి స్థిరపడ్డాక, దాన్ని కొత్త చేపలాగే పెట్టెలో ఉంచి ఆఖరున మళ్లీ వదలండి.